గాల్‌బ్లాడర్‌లో ఇన్‌ఫెక్షన్ అన్నారా? యాంటీబయాటిక్ కోర్సుతో సరిపెట్టుకునే ముందు ఏం చేయాలి

మాటలు మారుతుంటాయి గానీ, నన్ను తరచూ అడిగే ప్రశ్న ఒకటే. "స్కాన్‌లో క్రానిక్ కొలిసిస్టైటిస్ అని వచ్చింది. గాల్‌బ్లాడర్‌లో ఇన్‌ఫెక్షన్ అన్నారు. యాంటీబయాటిక్ రాశారు. కోర్సు పూర్తి చేస్తే తగ్గిపోతుందా? ఆపరేషన్ తప్పుతుందా?" దిల్‌సుఖ్‌నగర్ నుంచి అడిగినా, కూకట్‌పల్లి నుంచి అడిగినా ఇదే. ఒక్కొక్కరికి విడిగా చెప్పే బదులు ఇక్కడ వరుసగా రాస్తున్నాను: ఏ దశలో ఏం చేయాలి, పొరపాట్లు ఎక్కడ జరుగుతాయి, చేసింది పనిచేసిందో లేదో ఎలా చూసుకోవాలి.

నేను డాక్టర్ని కాను. డాక్టర్ ముందు కూర్చున్నప్పుడు మీ చేతిలో సరైన కాగితాలు, నోట్లో సరైన ప్రశ్నలు ఉండాలన్నదే నా ఉద్దేశం.

అసలు సంగతి నాలుగు ముక్కల్లో. కాలేయం కింద అతుక్కుని ఉండే చిన్న సంచి పిత్తాశయం, అదే గాల్‌బ్లాడర్. సుమారు 30 నుంచి 50 మిల్లీలీటర్ల పైత్యరసం పడుతుంది. నూనె, నెయ్యి తిన్నప్పుడు ముడుచుకుని ఆ రసాన్ని పేగులోకి వదులుతుంది. లోపల ఉన్న రాయి ఒకటి సంచి మెడ దగ్గర ఇరుక్కుంటే రసం కదలక నిలిచిపోతుంది, గోడ వాస్తుంది. బ్యాక్టీరియా చాలాసార్లు ఆ తర్వాతే చేరుతుంది. ఈ. కోలై, క్లెబ్సియెల్లా, ఎంటరోకోకస్ లాంటివి పేగులోంచి వచ్చి నిలిచిన రసంలో పెరుగుతాయి. ఇలా పదే పదే వాచి తగ్గితే గోడ మందమై, గట్టిపడి, సంచి కుంచించుకుపోతుంది. దాన్నే క్రానిక్ కొలిసిస్టైటిస్, అంటే పిత్తాశయంలో పాతబడ్డ వాపు అంటారు. ఆ దశలో చాలామందికి బతికున్న ఇన్‌ఫెక్షన్ ఉండనే ఉండదు. చంపడానికి బ్యాక్టీరియా లేనప్పుడు యాంటీబయాటిక్ చేసే పనేమీ లేదు. బ్యాక్టీరియా ఉన్నప్పుడు మందు అవసరమే, కానీ అడ్డుపడ్డ రాయి అక్కడే ఉంటే జబ్బు మళ్లీ వస్తుంది. పైపులో అడ్డం తీయకుండా సింకులో ఎంత మందు పోసినా నీళ్లు కిందికి పోవు కదా, అలాగే ఇదీ.

ముందుగా దగ్గర పెట్టుకోవాల్సినవి

- థర్మామీటర్. "ఒళ్లు కాలుతోంది" అన్న మాట కన్నా "రాత్రి పదింటికి 101.4" అన్న అంకె డాక్టర్‌కు ఎక్కువ ఉపయోగం.
- షుగర్ ఉంటే గ్లూకోమీటర్.
- పాత స్కాన్ రిపోర్టులన్నీ, తేదీల వరుసలో. వాట్సాప్‌లో ఫోటోలుగా ఉంటే ప్రింట్ తీయించండి.
- ఈ ఆర్నెల్లలో వాడిన మందుల చిట్టా. మెడికల్ షాపులో అడిగి తెచ్చుకున్న గోళీలు, గల్లీ క్లినిక్‌లో వేయించుకున్న ఇంజెక్షన్లు కూడా రాయండి.
- ఆధార్, రేషన్ కార్డు, ఇన్సూరెన్స్ ఉంటే పాలసీ కాగితం. చాలా పాలసీల్లో గాల్‌బ్లాడర్ రాళ్లకు రెండేళ్ల వెయిటింగ్ పీరియడ్ ఉంటుంది. ఆ పేజీ ఇప్పుడే తీసి చూడండి. అడ్మిట్ అయ్యాక కౌంటర్ దగ్గర తెలిస్తే ఆ టెన్షన్ వేరుగా ఉంటుంది.
- నొప్పి రాసుకోవడానికి చిన్న నోట్‌బుక్.

1. ఇది ఇవాళే వెళ్లాల్సిన కేసా, తేల్చుకోండి

కింద రాసిన వాటిలో ఏ ఒక్కటి ఉన్నా మిగతా మెట్లు తర్వాత చదవండి, ముందు ఎమర్జెన్సీకి వెళ్లండి. 108కి ఫోన్ చేయండి. ఉస్మానియా, గాంధీ ఆసుపత్రుల్లో ఎమర్జెన్సీ రాత్రింబవళ్లు ఉంటుంది.

- కుడివైపు పక్కటెముకల కింద గానీ, పొట్ట పైభాగం మధ్యలో గానీ ఆరు గంటలు దాటినా వదలని నొప్పి.
- నొప్పితోపాటు 100.4 ఫారెన్‌హీట్ దాటిన జ్వరం.
- కళ్లు పచ్చబడటం, మూత్రం ముదురు రంగులో రావడం. నొప్పి, చలి వణుకుతో జ్వరం, కామెర్లు మూడూ కలిస్తే ఇన్‌ఫెక్షన్ పైత్యనాళంలోకి పాకినట్టు అనుమానించాలి. ఇది గంటల్లో రక్తానికి ఎక్కుతుంది.
- నొప్పి వీపులోకి దూసుకుపోతూ ఆగని వాంతులు. పాంక్రియాస్ (కడుపు వెనక ఉండే జీర్ణగ్రంథి) వాచి ఉండొచ్చు.
- మాట తడబడటం, మగతగా ఉండటం, మూత్రం తగ్గిపోవడం.

రెండు హెచ్చరికలు. పొట్ట పైభాగంలో నొప్పి, చెమటలు, ఆయాసం ఉంటే అది గుండెపోటు కూడా కావచ్చు. ముందు ఈసీజీ తీయించండి, గాల్‌బ్లాడర్ సంగతి తర్వాత. షుగర్ ఉన్నవాళ్లకు, పెద్ద వయసు వాళ్లకు సంచి లోపల కుళ్లిపోతున్నా జ్వరం, నొప్పి పెద్దగా తెలియకపోవచ్చు. వాళ్లలో కారణం లేకుండా షుగర్ పెరగడం, తిండి సయించకపోవడం, ఉన్నట్టుండి నీరసించడం కూడా లెక్కలోకి తీసుకోండి.

గర్భిణులు ఇంట్లో ఏ మందూ ప్రయత్నించవద్దు. నేరుగా ఆసుపత్రికే.

2. ఎమర్జెన్సీ కాకపోతే, నొప్పిని రాసుకోండి

మన ఊళ్లో పొట్ట పైభాగంలో ఏ నొప్పి వచ్చినా దాని పేరు గ్యాసే. రాత్రి పదకొండుకి బిర్యానీ, ఒంటిగంటకు నొప్పి, ఈనో ప్యాకెట్, పొద్దునకు నెమ్మది. మళ్లీ నెలకు ఇదే కథ. మా బంధువుల్లో ఒకావిడ ఇలా గ్యాస్ గోళీలతోనే ఏళ్లు నెట్టుకొచ్చింది. చివరికి స్కాన్ చేస్తే సంచి నిండా రాళ్లు.

తేడా ఇలా పట్టుకోండి. గ్యాస్ నొప్పి తేన్పు వచ్చినా, విరేచనం అయినా, అటూ ఇటూ తిరిగినా సర్దుకుంటుంది. గాల్‌బ్లాడర్ నొప్పి వీటికి లొంగదు. మెల్లగా మొదలై అరగంట, గంటలో పైకి ఎక్కి, అక్కడే పట్టు పట్టినట్టు నిలబడుతుంది. కుడి భుజం కింద రెక్క ఎముక దగ్గరికి పాకుతుంది. కొన్ని గంటలకు దానంతట అదే దిగిపోతుంది.

ప్రతి నొప్పికీ ఇవి రాయండి: మొదలైన టైము, తగ్గిన టైము, అంతకు ముందు ఏం తిన్నారు, ఎటు పాకింది, జ్వరం అంకె, వాంతి అయిందా, ఏ గోళీ వేసుకున్నారు. "రాత్రి 8:30 హలీం, 11 నుంచి 2 దాకా నొప్పి, కుడి రెక్క దాకా, జ్వరం లేదు, ఒక వాంతి" అని ఒక్క లైను చాలు. ఇలాంటివి మూడు నాలుగు లైన్లు చూపిస్తే సర్జన్‌కు సగం జబ్బు అక్కడే అర్థమవుతుంది.

పొట్ట నొక్కి చూసే పరీక్ష మీరు చేసుకోకండి. కుడి పక్కటెముకల కింద చేయి పెట్టి గట్టిగా ఊపిరి పీల్చమని డాక్టర్ అంటారు. వాపు ఉంటే ఊపిరి మధ్యలోనే ఆగిపోతుంది. అది అనుభవం ఉన్న చేతికి తెలియాల్సింది. ఇంట్లో అందరూ తలా ఒకసారి నొక్కితే నొప్పి పెరగడమే తప్ప ఏమీ తేలదు.

3. స్కాన్ సరిగ్గా చేయించుకోండి

మొదటి పరీక్ష అల్ట్రాసౌండే. రాళ్లు చూడటానికి సీటీ కన్నా ఇదే మేలు, ఖర్చూ తక్కువ. కానీ ఎక్కువ తప్పులు జరిగేదీ ఇక్కడే.

రాత్రి తొమ్మిదిలోపు తేలిగ్గా తినేయండి. పొద్దున ఖాళీ కడుపుతో వెళ్లండి. ఆరు నుంచి ఎనిమిది గంటల గ్యాప్ ఉండాలి. మంచినీళ్లు తాగొచ్చు. చాయ్ మాత్రం వద్దు. "టిఫిన్ ఏం తినలేదండీ, ఒక్క చాయ్ తాగానంతే" అని వెళ్తారు. ఆ చాయ్‌లో ఉన్న పాల వెన్న చాలు, పిత్తాశయం ముడుచుకుపోవడానికి. ముడుచుకున్న సంచి గోడ మందంగా కనిపిస్తుంది, లోపలి చిన్న రాళ్లు దాక్కుంటాయి. రిపోర్టులో "గోడ మందం, క్రానిక్ కొలిసిస్టైటిస్" అని పడుతుంది. లేని జబ్బు ఇలా కూడా వచ్చి చేరుతుంది.

బీపీ గోళీ గుక్కెడు నీళ్లతో వేసుకోవచ్చు. షుగర్ గోళీ, ఇన్సులిన్ మాత్రం తినకుండా తీసుకోకూడదు. ముందు రోజే డాక్టర్‌ని అడిగి, ఉదయం మొట్టమొదటి స్లాట్ తీసుకోండి.

నొప్పి ఎక్కువగా ఉండి ఎమర్జెన్సీకి వెళ్తే ఈ ఉపవాసం నియమం పట్టించుకోకండి, వెంటనే చేస్తారు.

4. రిపోర్టు మీరే ఒకసారి చదవండి

చివర "ఇంప్రెషన్" అని ఉన్న రెండు లైన్లు మాత్రమే చూసి మడిచి పెట్టకండి. పైన గాల్‌బ్లాడర్ గురించి రాసిన పేరాలో ఇవి వెతకండి.

*డిస్టెండెడ్ లేదా కాంట్రాక్టెడ్.* సంచి నిండి ఉందా, ముడుచుకుని ఉందా అని. సరిగ్గా ఉపవాసం ఉన్నాక కూడా కాంట్రాక్టెడ్ అని ఉండి, లోపల రాళ్లు ఉంటే అది పాత జబ్బు గుర్తు. చాయ్ తాగి వెళ్లి ఉంటే, ఆ మాటకు విలువ లేదు. మళ్లీ చేయించండి.

*గోడ మందం.* మామూలుగా 3 మిల్లీమీటర్ల వరకు. అంతకన్నా ఎక్కువ ఉంటే వాపు అనుకుంటారు, కానీ కారణం ప్రతిసారీ గాల్‌బ్లాడరే కానక్కర్లేదు. వానాకాలంలో హైదరాబాద్‌లో డెంగీ వచ్చినవాళ్లకు ఈ గోడ బాగా వాచి కనిపిస్తుంది. కామెర్ల వైరస్, లివర్ సిరోసిస్, గుండె వైఫల్యం, రక్తంలో ఆల్బుమిన్ అనే ప్రోటీన్ పడిపోవడం, వీటన్నింటిలోనూ అంతే. జ్వరం వచ్చి ప్లేట్‌లెట్లు పడిపోయి, రాళ్లు లేకుండా గోడ మాత్రమే వాచి ఉంటే ముందు డెంగీ పరీక్ష చేయించండి. డెంగీ తగ్గితే ఆ వాపూ దిగిపోతుంది. దానికి ఆపరేషన్ అక్కర్లేదు.

*కాల్‌క్యులస్, కాల్‌క్యులై.* రాయి, రాళ్లు. "ఇంపాక్టెడ్", "నెక్" అన్న మాటలు పక్కన ఉంటే రాయి మెడలో ఇరుక్కుందని. ఈ మాట కనిపిస్తే ఆలస్యం చేయకండి.

*స్లడ్జ్.* చిక్కబడిన రసం. ఇక్కడ చాలామందికి తెలియని విషయం ఒకటుంది. టైఫాయిడ్‌కనో, మరో జ్వరానికనో రోజూ ఎక్కించే సెఫ్‌ట్రయాక్సోన్ ఇంజెక్షన్ కొందరిలో పిత్తాశయంలో పేరుకుని రాళ్లలాగే కనిపిస్తుంది. మందు ఆపాక కొన్ని రోజుల నుంచి కొన్ని వారాల్లో అవి మాయమవుతాయి. ఈ మధ్యే ఆ ఇంజెక్షన్ కోర్సు నడిచి ఉంటే, పాత స్కాన్‌లో రాళ్లు లేకపోతే, నొప్పి కూడా లేకపోతే కొన్ని వారాలాగి మళ్లీ స్కాన్ చేయించే విషయం డాక్టర్‌తో మాట్లాడండి. మందుల చిట్టా రాయమన్నది ఇందుకే.

*సీబీడీ.* పెద్ద పైత్యనాళం వెడల్పు. 6 మిల్లీమీటర్ల వరకు మామూలు, వయసుతో కొంచెం పెరుగుతుంది. ఎక్కువ ఉంటే నాళంలో రాయి ఉందేమో చూడాలి.

*పెరికొలిసిస్టిక్ ఫ్లూయిడ్, ప్రోబ్ టెండర్‌నెస్.* సంచి చుట్టూ నీరు, స్కాన్ చేసే ప్రోబ్ నొక్కితే సరిగ్గా అక్కడే నొప్పి. ఈ రెండూ వాపు ఇప్పుడు చురుగ్గా ఉందనడానికి గట్టి ఆనవాళ్లు.

ఇంకో మాట. స్కాన్ మీద రాసే "క్రానిక్ కొలిసిస్టైటిస్" రేడియాలజిస్టు అభిప్రాయం. దాన్ని పూర్తిగా ధ్రువీకరించేది సంచి తీశాక జరిగే మైక్రోస్కోపు పరీక్షే. నొప్పే లేని మనిషికి ఆ రెండు ముక్కలు చూసి ఆపరేషన్ డేట్ ఇస్తే రెండో అభిప్రాయం తీసుకోండి.

5. రక్త పరీక్షలు

సీబీపీ (రక్తకణాల లెక్క), ఎల్ఎఫ్‌టీ (కాలేయం పనితీరు; బిలిరుబిన్, ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ ఇందులోనే ఉంటాయి), సీఆర్‌పీ (ఒంట్లో వాపు గుర్తు), లైపేజ్ (పాంక్రియాస్ ఎంజైమ్), క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు), షుగర్. బస్తీ దవాఖానాలో శాంపిల్ ఇస్తే తెలంగాణ డయాగ్నొస్టిక్స్ ద్వారా చాలా పరీక్షలు ఉచితంగా అవుతాయి, మీ దగ్గర్లో ఉన్నది కనుక్కోండి.

తెల్ల రక్తకణాలు 11,000 దాటితే, సీఆర్‌పీ పెరిగితే వాపు చురుగ్గా ఉన్నట్టు. 18,000 దాటితే వాపు ఓ మోస్తరు తీవ్రతకు ముదిరినట్టు. బిలిరుబిన్, ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ రెండూ పెరిగితే నాళంలో అడ్డం ఉందేమో అనుమానించి ఎంఆర్‌సీపీ (పైత్యనాళాలను చూపించే ఎంఆర్ఐ స్కాన్) చేయిస్తారు. లైపేజ్ మామూలుకు మూడు రెట్లు దాటితే పాంక్రియాస్ వాచినట్టు లెక్క. ఇవన్నీ మామూలుగా ఉండి, జ్వరం లేకుండా, నొప్పి వచ్చి పోతుంటే అది క్రానిక్ దశ. అప్పుడు యాంటీబయాటిక్ రాస్తే "దేనికి?" అని అడిగే హక్కు మీకుంది.

6. యాంటీబయాటిక్ మొదలుపెట్టే ముందు అడగాల్సినవి

ఇక్కడ జరిగే నష్టం కళ్లారా చూస్తున్నాను కాబట్టి ఈ భాగం కొంచెం నిదానంగా చదవమని బతిమాలుతున్నాను.

మొదటి ప్రశ్న: "ఇప్పుడు ఇన్‌ఫెక్షన్ ఉందనడానికి గుర్తేమిటి?" జ్వరం, తెల్లకణాలు, సీఆర్‌పీ, స్కాన్‌లో చుట్టూ నీరు, వీటిలో ఏదో ఒకటి చూపించగలగాలి.

రెండోది: "బ్లడ్ కల్చర్ తీశారా?" అంటే రక్తంలో ఏ బ్యాక్టీరియా ఉందో, ఏ మందుకు లొంగుతుందో ల్యాబులో పెంచి చూసే పరీక్ష. జ్వరంతో అడ్మిట్ అయితే మొదటి డోసుకు ముందే రక్తం తీయాలి. మందు పడ్డాక తీస్తే బ్యాక్టీరియా దొరికే అవకాశం తగ్గిపోతుంది. ఆపరేషన్‌లోనో, ట్యూబు వేసినప్పుడో పైత్యరసం బయటికి తీస్తే దాన్నీ కల్చర్‌కు పంపమనండి. మన దేశంలో ఈ. కోలై చాలా మందులకు లొంగడం మానేసింది. కల్చర్ లేకుండా గుడ్డిగా మందు మారుస్తూ పోతే రోజులు గడుస్తాయి, రోగి నీరసిస్తాడు. ఒకవేళ మనిషి బాగా సీరియస్‌గా ఉంటే కల్చర్ కోసం మందు ఆపకూడదు, రక్తం తీసి వెంటనే మొదలుపెట్టాలి.

మూడోది: "ఎన్ని రోజులు? ఎప్పుడు ఆపుతారు?" వాపు మరీ తీవ్రం కాని దశలో సంచి తీసేస్తే, ఆ తర్వాత ఒక రోజుకు మించి యాంటీబయాటిక్ చాలామందికి అవసరం లేదు. అడ్డం తొలగించిన తీవ్రమైన కేసుల్లో నాలుగు నుంచి ఏడు రోజులు. రక్తంలో ఎంటరోకోకస్ లాంటివి దొరికితే కనీసం రెండు వారాలు. కనుక పక్కింటివాళ్లకు ఇచ్చిన రోజులు మీకు లెక్క కాదు.

పనిచేస్తోందా లేదా ఎలా తెలుస్తుంది? 48 నుంచి 72 గంటల్లో జ్వరం దిగాలి, నొప్పి తగ్గాలి, తెల్లకణాలు తగ్గుముఖం పట్టాలి. అవేవీ జరగకపోతే "ఇంకో మందు ఎక్కిద్దాం" అన్నంత మాత్రాన సరిపోదు. చీము పట్టిందా, సంచికి రంధ్రం పడిందా, నాళంలో రాయి ఉందా అని మళ్లీ చూడాలి.

జ్వరం తగ్గగానే "నయమైంది" అనుకుని ఇంటికి వచ్చేయడం అన్నింటికన్నా పెద్ద పొరపాటు. ఆ రోజు తగ్గింది జ్వరం. రాయి, మందమైన గోడ ఎక్కడివక్కడే ఉన్నాయి.

7. టైఫాయిడ్ వచ్చి ఉంటే ఇంకో సంగతి

టైఫాయిడ్ బ్యాక్టీరియాకు పిత్తాశయం అంటే ఇష్టం. రాళ్ల మీద పొరలా అతుక్కుని మందు తగలకుండా కూర్చుంటుంది. టైఫాయిడ్ వచ్చినవాళ్లలో నూటికి ఒకరి నుంచి ఐదుగురి దాకా ఏడాది దాటినా మలంలో దాన్ని వదులుతూనే ఉంటారు. వాళ్లకు ఏ బాధా ఉండదు. ఆడవాళ్లలో, రాళ్లున్నవాళ్లలో ఇది ఎక్కువ. ఏళ్ల తరబడి ఉంటే గాల్‌బ్లాడర్ క్యాన్సర్ ముప్పు కూడా పెరుగుతుంది.

ఇంట్లో ఒకరి తర్వాత ఒకరికి టైఫాయిడ్ వస్తుంటే, లేదా మీరు హోటల్, హాస్టల్, క్యాటరింగ్ వంటపనిలో ఉంటే మల కల్చర్ అడగండి. ఒక్కసారి నెగెటివ్ వస్తే చాలదు, కొన్నిసార్లు చేయాలి. వైడాల్ (టైఫాయిడ్‌కు చేసే రక్త పరీక్ష) పాజిటివ్ వచ్చిందని క్యారియర్, అంటే బాధ లేకుండా బ్యాక్టీరియాను మోసే మనిషి, అనుకోవద్దు, ఆ పరీక్షతో ఇది తేలదు. నల్లకుంట ఫీవర్ హాస్పిటల్‌లో ఈ విషయం అడగొచ్చు. బ్యాక్టీరియా లొంగే మందు దొరికితే సుమారు నాలుగు వారాల కోర్సు ఉంటుంది. రాళ్లు ఉంటే మాత్రం ఒక్క మందుతో పోవడం కష్టం, సంచి కూడా తీయాల్సి రావచ్చు. తీసినా కాలేయ నాళాల్లో మిగిలే అవకాశం ఉంది కనుక తర్వాత మళ్లీ కల్చర్ చేయించాలి. అప్పటిదాకా సబ్బుతో చేతులు కడగకుండా వంటింట్లోకి వెళ్లవద్దు.

8. ఆపరేషన్ విషయం తేల్చుకోండి

స్కాన్‌లో అనుకోకుండా రాళ్లు కనిపించాయి, ఎప్పుడూ నొప్పి రాలేదు: చాలామందికి ఆపరేషన్ అక్కర్లేదు. మూడు సెంటీమీటర్లు దాటిన రాయి, గోడ సున్నంలా గట్టిపడటం, రాళ్లతోపాటు పాలిప్ (లోపలి గోడ మీద చిన్న కండ), సికిల్ సెల్ అనే రక్త జబ్బు లాంటివి ఉంటే సర్జన్‌తో మాట్లాడాలి.

నొప్పి వచ్చి పోతోంది, రాళ్లున్నాయి: ఆపరేషనే సరైన దారి. పరేషాన్ అవ్వకుండా, వాయిదా వేయకుండా, షుగర్ అదుపులో పెట్టుకుని డేట్ తీసుకోండి.

ఇప్పుడే తీవ్రంగా వాచింది: "వాపు తగ్గాక ఆరు వారాలకు రండి" అనడం పాత పద్ధతి. ఆపరేషన్ తట్టుకోగలిగినవాళ్లకు అదే అడ్మిషన్‌లో, వీలైతే మొదటి మూడు రోజుల్లో, లేదంటే వారం పది రోజుల్లోపు లాపరోస్కోపీ (చిన్న రంధ్రాల గుండా కెమెరాతో చేసే ఆపరేషన్) చేయడమే మేలని ఇప్పటి మార్గదర్శకాలు చెబుతున్నాయి. ఆ ఆరు వారాల్లో మళ్లీ నొప్పితో తిరిగొచ్చేవాళ్లు తక్కువేమీ కాదు. గుండె, ఊపిరితిత్తుల జబ్బులతో ఆపరేషన్ తట్టుకోలేనివాళ్లకు చర్మం మీదుగా సంచిలోకి సన్నని ట్యూబు వేసి చీము తీస్తారు. ప్రాణం నిలబెట్టే దారి అది, భయపడకండి.

నాళంలో రాయి ఉంటే ముందు ఈఆర్‌సీపీ చేసి, అంటే నోట్లోంచి ట్యూబు పంపి తీస్తారు. రాయి పోయింది కదా అని ఇంటికి వెళ్లిపోతారు చాలామంది. రాళ్లు పుట్టే సంచి లోపలే ఉంది. ఆపరేషన్ డేట్ చేతికి తీసుకోకుండా డిశ్చార్జ్ కావద్దు.

సర్జన్‌ని అడగండి: నాళంలో రాయి లేదని చూశారా? లాపరోస్కోపీలో కష్టమైతే ఓపెన్ (పొట్ట కోసి) చేస్తారా? తీసిన సంచిని బయాప్సీకి (మైక్రోస్కోపు పరీక్షకు) పంపుతారా? ఓపెన్‌కు మారడం సర్జన్ చేతకానితనం కాదు. పాత వాపుతో అంతా అతుక్కుపోయినప్పుడు పైత్యనాళం తెగకుండా కాపాడుకునే జాగ్రత్త అది. ముందే సంతకం పెట్టేటప్పుడు ఇంట్లోవాళ్లకు ఈ మాట చెప్పి ఉంచండి.

ఖర్చు సంగతి: ఉస్మానియా, గాంధీ, నిమ్స్‌లో విచారించండి. ఆరోగ్యశ్రీ పరిమితి 2023 డిసెంబరులో పది లక్షలకు పెంచారు. ఆసుపత్రిలో ఆరోగ్యమిత్ర డెస్క్ దగ్గర మీ ఆపరేషన్ ఆ పథకంలో అక్కడ వర్తిస్తుందో లేదో అడ్మిట్ కాకముందే అడగండి.

9. ఆపరేషన్ దాకా తిండి, చిట్కాలు

తిండితో రాళ్లు కరగవు, నొప్పి రాకుండా చూసుకోవచ్చు, అంతే. ఇడ్లీ, జొన్నరొట్టె, పప్పు, బీరకాయ, సొరకాయ, వెన్న తీసిన మజ్జిగ హాయిగా తినండి. బిర్యానీ, హలీం, నిహారీ, మిర్చిబజ్జీ ఆగాలి. నలుగురున్న ఇంటికి నెలకు సుమారు రెండు లీటర్ల నూనె దాటకుండా చూడండి. పూర్తిగా నూనె మానేయడం, పస్తులుండి బరువు తగ్గడం తప్పు. సంచి ఖాళీ కాక రసం చిక్కబడి రాళ్లు పెరుగుతాయి. రంజాన్‌లో ఉపవాసం ఉండేవాళ్లు ముందుగా డాక్టర్‌ని అడగండి. ఇఫ్తార్‌లో ఒకేసారి వేపుళ్ల మీద పడకుండా ఖర్జూరం, పండ్లతో మొదలుపెట్టి మెల్లగా తినండి.

కొండపిండి ఆకు, బార్లీ నీళ్లు, రోజుకు ఐదు లీటర్ల మంచినీళ్లు, ఇవన్నీ కిడ్నీ రాళ్లకు జనం చెప్పుకునేవి. పిత్తాశయం మూత్రం దారిలో లేదు, నీళ్లు ఎన్ని తాగినా ఆ రాళ్లు కొట్టుకుపోవు. ఆలివ్ నూనె, నిమ్మరసం తాగితే పొద్దున ఆకుపచ్చ ఉండలు పడ్డాయని ఫోటోలు పంపుతుంటారు. అవి ఆ నూనె కడుపులో సబ్బులా మారి కట్టిన ఉండలు. అంత నూనె ఒకేసారి తాగితే సంచి గట్టిగా ముడుచుకుని చిన్న రాయి నాళంలోకి జారవచ్చు. దయచేసి చేయకండి. అర్సోడియాక్సీకోలిక్ యాసిడ్ గోళీలు చిన్న కొలెస్ట్రాల్ రాళ్లకు, సంచి పనిచేస్తున్నప్పుడు, నెలల తరబడి వాడితే కొందరికి పనిచేస్తాయి. వాళ్లలోనూ దాదాపు సగం మందికి ఐదేళ్లలో మళ్లీ వస్తాయి. గోడ మందమై కుంచించుకుపోయిన సంచికి వాటితో ప్రయోజనం లేదు.

10. ఆపరేషన్ తర్వాత చూసుకోవాల్సినవి

రెండు మూడు రోజులు భుజం నొప్పి మామూలే, పొట్టలోకి నింపిన గ్యాస్ వల్ల. కొందరికి కొన్ని వారాలు విరేచనాలు పల్చగా అవుతాయి. తిండి నెమ్మదిగా మామూలుకు తెచ్చుకోవచ్చు.

ఇవి మామూలు కాదు: రోజురోజుకూ పెరిగే పొట్టనొప్పి, పొట్ట ఉబ్బరం, జ్వరం, కళ్లు పచ్చబడటం, ట్యూబు ఉంటే అందులో ఆకుపచ్చ రసం. మొదటి వారంలో ఏది కనిపించినా ఆపరేషన్ చేసిన చోటికే అదే రోజు వెళ్లండి. ఫోన్‌లో చెప్పించుకుని మెడికల్ షాపు యాంటీబయాటిక్‌తో సర్దుకోవద్దు.

ఆపరేషన్ అయ్యాక చిన్న డబ్బాలో రాళ్లు పెట్టి బయట కూర్చున్నవాళ్లకు చూపిస్తారు. అందరి కళ్లూ ఆ డబ్బా మీదే ఉంటాయి. మీరు అడగాల్సింది రాళ్ల గురించి కాదు, సంచి గురించి: "బయాప్సీకి వెళ్లిందా? రిపోర్టు ఎప్పుడు వస్తుంది?" సాధారణంగా వారం పది రోజుల్లో వస్తుంది. కుట్లు విప్పించుకునే రోజున ఆ కాగితం కూడా తీసుకోండి. "క్రానిక్ కొలిసిస్టైటిస్" అని ఉంటే జబ్బూ తేలింది, తీయడమూ అయింది. "జాంతోగ్రాన్యులోమేటస్" అని ఉన్నా అది ఒక రకం వాపే, క్యాన్సర్ కాదు. "డిస్‌ప్లేసియా" (క్యాన్సర్‌కు ముందు వచ్చే మార్పు) గానీ, "కార్సినోమా" (క్యాన్సర్) గానీ కనిపిస్తే తర్వాతి అపాయింట్‌మెంట్ దాకా ఆగకుండా ఆ రోజే సర్జన్‌ని కలవండి. తొలిదశలో పట్టుకుంటే చికిత్సకు దారి ఉంటుంది.

నెలల తర్వాత పాత నొప్పే తిరిగొస్తే "సంచి తీసేశాం కదా, గ్యాసే" అని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. నాళంలో రాయి మిగిలి ఉండొచ్చు, కొత్తది పుట్టి ఉండొచ్చు. నొప్పి ఉన్న రోజునే ఎల్ఎఫ్‌టీ చేయించి, పెరిగి ఉంటే ఎంఆర్‌సీపీ అడగండి. ఆపరేషన్ నోట్సు, బయాప్సీ రిపోర్టు వెంట తీసుకెళ్లండి.